జామీను సంతకం పెట్టనన్నాను, చెడ్డవాణ్ణయ్యాను

సంపాదకులకు నమస్కారం.

మీ కుటుంబ పేజీకి ఎవరు ఏ కష్టం రాసినా చివరికి ఒకటే సలహా, 'ఇంట్లో పెద్దవాళ్లెవరైనా కల్పించుకుని సర్దిచెప్పాలి' అని. ఆ పెద్దవాణ్ణి నేనే. ముప్పై ఏళ్లు కల్పించుకున్నాను. అలాంటివాడి ఇల్లు ఎలా ఉంటుందో ఎవరూ రాయడం లేదు కాబట్టి నేను రాస్తున్నాను, పొడుగైతే కత్తిరించుకోండి.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా వాళ్లందరిలో మొదట గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది నాకే, లెక్కల మాస్టారుగా. విజయనగరంలో కాపురం పెట్టిన దగ్గర్నుంచీ ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా, ఎవరి పిల్లకి పరీక్ష ఉన్నా, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ చూడ్డానికి ఎవరొచ్చినా మా ఇల్లే సత్రం. నాకు గర్వంగానే ఉండేది. ఆసుపత్రికి క్యారేజీ కట్టింది, వచ్చినవాళ్ల దుప్పట్లు ఉతికింది మా ఆవిడ. "రమ్మన్నది మీరు, వండేది నేను, ఒక్కసారైనా నన్నడిగారా?" అని ఇరవై ఏళ్ల తర్వాత అడిగింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నేను చేసిందంతా ఆవిడ కష్టంతోనే, మంచి పేరు మాత్రం నాకు.

తర్వాత జామీనులు, అంటే అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే నేను కడతానని పెట్టే సంతకాలు. చీటీ పాడుకున్నవాడు డబ్బు చేతికి తీసుకోవాలంటే జామీనుదార్లను చూపించాలి, జీతం సర్టిఫికెట్టు ఉన్న ఉద్యోగి అయితే మరీ మంచిది అంటారు. తమ్ముడి వరస అయినవాడు 2 లక్షల చీటీ పాడాడు, నేను టీ తాగుతూ సంతకం పెట్టాను, కాగితం చదవలేదు. వాడు ఆరు వాయిదాలు కట్టి మానేసి చెన్నైకి పనికి వెళ్లిపోయాడు. నోటీసు నా పేరున బడికే వచ్చింది, హెడ్మాస్టరు ముందు విప్పాను. ముందు వాణ్ణి అడగాలి కదా అని లాయరు దగ్గరికి వెళితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షన్ చూపించాడు. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే బాకీదారుకి ఎంత బాధ్యతో జామీనుదారుకీ అంతే, ముందు వాడి వెంట పడి ఆ తర్వాతే నా దగ్గరికి రావాలనేం లేదు. 86 వేలు కట్టాను. మొహమాటం మీద మనకో సామెత ఉంది, పేపర్లో రాసేది కాదు.

ఆ తర్వాత ఇంకొకరు బ్యాంకు లోనుకి సంతకం అడిగితే పెట్టనన్నాను. అంతే, అప్పటిదాకా నేను చేసినవన్నీ ఒక్క రోజులో కొట్టుకుపోయాయి, 'మాస్టారికి పొగరెక్కింది' అన్నారు. ఇప్పుడు రిటైరయ్యాక జామీను అడిగేవాళ్లే లేరు. గౌరవం పెరిగిందేమో అనుకున్నాను. కాదట, గవర్నమెంటు పింఛన్ని కోర్టు జప్తు చేయడానికి వీల్లేదు, అందుకని నా సంతకం ఎవరికీ అక్కర్లేదు!

డబ్బు సంగతి సరే, పోయింది. అసలు తప్పు మా చెల్లెలి ఇంట్లో చేశాను. ఆమె భర్త తాగుతాడు. ఎనిమిదేళ్లు, రాత్రి పదకొండింటికి ఫోన్ రావడం, "అన్నియ్యా, నువ్వే ఏదోటి సెయ్యాలి" అనడం, నేను బండి తీయడం. కిరాణా కొట్లో అప్పు నేను తీర్చాను. పనికి వెళ్లని రోజు 'జ్వరం వచ్చింది' అని వాళ్ల మేస్త్రీకి ఫోన్ చేసి అబద్ధం కూడా నేనే చెప్పాను. ఇలా చేస్తున్నంతకాలం అతనికి తాగుడు వల్ల పోయిందేమీ లేదు. పరువు పోకుండా నేను కాశాను, పని పోకుండా నేను కాశాను. చెల్లెలు కూడా అతన్ని నిలదీయడం మానేసింది, అన్నియ్య వస్తాడు కదా అని. మారాల్సినవాళ్లిద్దరూ నిద్రపోతుంటే నాకు బీపీ వచ్చింది.

ఒక రోజు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. నువ్వు తాగకూడదు అని చెప్పలేదు, అది వెయ్యిసార్లు చెప్పాను, నా చేతిలో లేనిది. నేనేం చేస్తానో, ఏం చేయనో అదే చెప్పాను. కొట్లో అప్పు కట్టను. మేస్త్రీకి ఫోన్ చేయను. రాత్రి తొమ్మిది తర్వాత దీని గురించి ఫోన్ ఎత్తను. పిల్లల ఫీజు మాత్రం నేరుగా బడికే కడతాను. మానతానని నువ్వు అన్న రోజు డాక్టరు దగ్గరికి పక్కన కూర్చుని నేనే తీసుకెళ్తాను. మా చెల్లెలు ఐదు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ ఏడాది సిరిమానుకి కూడా రాలేదు, ఆ రోజు మూడు లాంతర్ల సెంటర్ దగ్గర జనంలో నిలబడి వాళ్ల కోసమే వెతుక్కున్నాను. అతను మానేశాడా అంటే, పూర్తిగా లేదు. పని పోయాక ఒకసారి తనంతట తానే వచ్చి డాక్టరు దగ్గరికి పదమన్నాడు, వెళ్లాం, కొన్ని నెలలు ఆపాడు, మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ వెళ్తున్నాడు. కాకపోతే ఇప్పుడు కొట్లో బాకీ గురించి వాళ్లిద్దరూ పోట్లాడుకుంటున్నారు, ఇదివరకు ఆ గొడవ మా ఇంట్లో నాకూ మా ఆవిడకీ జరిగేది.

ఒకటి మాత్రం ఎవరూ తప్పుగా తీసుకోవద్దు. ప్రాణం మీదికొస్తే హద్దూ లేదు, తొమ్మిది గంటలూ లేదు. కొట్టాడని చెల్లెలు ఫోన్ చేస్తే ఎత్తుతాను, అత్యవసర నంబరు 112కి కూడా నేనే చేస్తాను. ఎవరైనా చచ్చిపోతానంటే పక్క నుంచి కదలకూడదు. 14416 అని టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్లకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ నంబరు, 2022 నుంచి ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, ఇది మీ పేజీలో ప్రతివారం వేస్తే బాగుంటుంది.

అలవాటు మాత్రం ఇంకా పోలేదండి. మొన్న మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ఆఫీసు టెన్షన్ చెబుతుంటే, సగంలోనే నేను 'అయితే ఇలా చెయ్యి' అని మొదలుపెట్టాను. "నాన్నా, సలహా అడగలేదు, చెప్పుకుంటున్నానంతే" అంది. తర్వాత ఇరవై నిమిషాలు 'ఊఁ' మాత్రమే కొట్టాను, పదో తరగతి పిల్లలకి త్రికోణమితి చెప్పడం కూడా ఇంత కష్టం కాదు.

ఈసారి 'పెద్దవాళ్లు కల్పించుకోవాలి' అని రాసే ముందు, ఆ పెద్దవాడు ఏం చేయగలడు, ఎంతవరకు, అతని ఇంట్లోవాళ్లని అడిగాడా లేదా, అవి కూడా ఒక ముక్క రాయండి. ఈ ఉత్తరం వేస్తే నా పేరు మాత్రం వేయకండి, చెన్నై నుంచి మా తమ్ముడు వచ్చాడు, మీ పేపరే చదువుతాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మాస్టారు,
విజయనగరం