బాత్రూమ్ కార్పెట్ పూర్తయిందండోయ్, అందరికీ థాంక్స్

పోయిన వారం "కమోడ్ చుట్టూ కార్పెట్ ఎలా కొయ్యాలి, ఆల్రెడీ ఒక ముక్క తగలేశా" అని ఏడుపు పోస్ట్ పెట్టింది నేనే. నిన్న రాత్రి పని అయిపోయింది.

ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో మేం కొన్నది పాత టెర్రస్ ఇల్లు (అంటే పక్కింటితో గోడ కలిసి వరసగా ఉండే రకం), బాత్రూమ్‌లో ముందువాళ్లు వేసిన కార్పెట్టే ఉంది. ఒంగోలు నుంచి మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "బాత్రూమ్‌లో దుప్పటి పరిచారేంట్రా, కడగొద్దా" అంది. ఏం కడుగుతాం, నేలకి నీళ్లు పోయే తూమే లేదు కదా ఇక్కడ. టైల్స్‌కి ఇప్పుడు డబ్బుల్లేవు, జనవరిలో ఉత్త నేల మీద కాలు పెడితే ప్రాణం జివ్వుమంటుంది, అందుకే మళ్లీ కార్పెట్టే, వెనక రబ్బరు ఉండే రకం.

నేను చేసిన ఘనకార్యం ఏంటంటే న్యూస్‌పేపర్లు అతికించి నేల అచ్చు బాగానే తీశా, దాన్ని కార్పెట్ వెనకవైపు అలాగే పెట్టి గీసి కోసేశా, తీరా తిప్పి పరిస్తే కమోడ్ బొక్క వాష్‌బేసిన్ దగ్గర తేలింది! "పేపర్ మీద పైవైపు అని రాసుకో తమ్ముడూ, వెనక నుంచి గీసేటప్పుడు ఆ రాత కిందికి పోవాలి" అని చెప్పిన అన్నకి దండం. ఆ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నలభై పౌండ్లు మిగిలేవి.

బొక్కని గీత కంటే అంగుళం చిన్నగా కోసి, చుట్టూ గీత దాకా చిన్న చిన్న గాట్లు పెట్టి, వెనక గోడ వైపు ఒక్కటే చీలిక ఇవ్వమన్న అక్కకి కూడా. చీలిక ఎక్కడుందో వెతికినా కనపడట్లేదక్కా. లేచిన అంచుల్ని మూలకి నొక్కడానికి అట్లకాడ వాడా, ఆ తర్వాతే కత్తితో కోశా (మా ఆవిడకి కొత్త అట్లకాడ కొనిచ్చా).

జిగురు వద్దు, గుమ్మం దగ్గర మాత్రం డబుల్ టేప్ వెయ్యి, తడిస్తే ఎత్తి ఆరబెట్టుకోవచ్చు అన్న బాబాయ్ గారూ, మీరు పరిచే ముందు రాత్రి పైపు జాయింట్లకి టిష్యూ చుట్టి చూడమన్నారు చూడండి, కమోడ్ వెనక టిష్యూ తెల్లారేసరికి తడిసింది, నట్టు బిగించాకే పరిచాం.

తిరగబడ్డ ముక్క ఇంకా గ్యారేజ్‌లోనే ఉంది. పక్కింటి బాత్రూమ్ మాదానికి సరిగ్గా రివర్స్, అతికినట్టు సరిపోతుంది, వెళ్లి అడిగితే ఆయన టైల్స్ వేయించుకున్నాడట.