తోటకూర పిన్నికి, ఇంకా చాలామందికి

నిన్న సాయంత్రం డిశ్చార్జ్ అయ్యాం. తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల, 2 కిలోల 300 గ్రాములు. అడిగిన వాళ్లందరికీ విడివిడిగా ఫోన్ చేసే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నాను. పదహారు రోజులుగా కంటినిండా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. ఈ నెల 9న మా ఆవిడని మా పేటలోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. ప్రతి నెలా 9న గర్భిణులని డాక్టరు చూసే రోజు కదా. ఎనిమిదో నెల నడుస్తోంది. నర్సమ్మ ఒక వేలు గుచ్చి చూసింది, ఏమీ మాట్లాడకుండా ఇంకో వేలు గుచ్చింది. హిమోగ్లోబిన్ రెండుసార్లూ 6.4. కనీసం 11 ఉండాలి, 7 కన్నా తగ్గితే ప్రాణం మీదికొస్తుందన్నారు. అక్కడి నుంచే 108 పిలిచి ఆసుపత్రికి పంపించారు.

ఆ రాత్రి బట్టల కోసం ఇంటికొస్తే బియ్యం డబ్బా వెనక ఐరన్ మాత్రల అట్టలు దొరికాయి. ఒక్కటీ చింపలేదు. వేసుకుంటే వాంతి వస్తోందని, నాకు చెబితే తిడతానని దాచేసిందట. అన్నం మానేసి రోజుకి మూడు పూటలా టీ తాగిందట. నేను గుంటూరు మిర్చియార్డులో కమీషన్ కొట్టు గుమస్తాని. సీజన్లో పొద్దున పోతే రాత్రికి గానీ ఇల్లు చేరను. తేజ రకం క్వింటా ధర అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాను, ఇంట్లో మనిషి ఏం తింటోందో మాత్రం నాకు తెలియదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

మా అత్తమ్మ, అన్నయ్య, వదిన, చెల్లి పడిన కష్టం వాళ్లకీ నాకూ తెలుసు. థాంక్స్ చెబితే మా వదిన నవ్వుతుంది.

నేను రాయాలని కూర్చున్నది ఒకామె గురించి, పైన తోటకూర పిన్ని అన్నది ఆమెనే. పేరు రాయొద్దంది, ఊరూ రాయొద్దంది. తాడికొండ వైపు నుంచి వస్తుందని మాత్రం రాస్తాను. అంతకుముందు రెండు నెలలు మా ఆరోగ్య కేంద్రంలో 9వ తేదీన వేపచెట్టు కింద ప్రకృతి వ్యవసాయం చేసే ఆడవాళ్లు నలుగురు కూరలు పెట్టుకు కూర్చునేవారు. పరీక్షకొచ్చిన వాళ్లు వెళ్తూ వెళ్తూ కొనుక్కుంటారని ఆ ఏర్పాటు. ఆకుకూర కట్టలు అరటినారతో కట్టి, ప్రతి కట్టలో ఒక నిమ్మకాయ దోపి ఉండేది. తోటకూర ఆకులకి పురుగు తిన్న చిల్లులు. పక్కన ఆర్గానిక్ అని బోర్డు. మా యార్డుకొచ్చే మిర్చి టిక్కీల (బస్తాల) వెనక ఎన్నిసార్లు మందు కొట్టిన చేలు ఉంటాయో నాకు తెలుసు, అందుకని ఇలాంటి బోర్డులంటే నాకు అసలు నమ్మకం లేదు. "నిమ్మకాయ నువ్వే ఉంచుకోమ్మా, ఐదు రూపాయలు తగ్గించు" అన్నాను. ఆమె నా మొహం చూసి, "నిమ్మకాయకి డబ్బులెవరడిగారు నాయనా" అంది. నేను కొనకుండానే వచ్చేశాను.

ఆసుపత్రిలో మూడో రోజు. ఒక యూనిట్ రక్తం ఎక్కింది, రెండో దానికి చూస్తున్నాం. తను ఏం తిన్నా కక్కేస్తోంది. పొద్దున ఆరున్నరకి గేటు బయట టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. తాగడం మర్చిపోయి. ఆటోలోంచి కూరల మూటలు దింపుతూ ఒకామె, "నువ్వు ఐదు రూపాయల అబ్బాయివి కదూ" అంది. అంతే, నాకు ఏడుపొచ్చేసింది. నడిరోడ్డు మీద, నలభై ఏళ్ల మనిషిని.

ఆమె మూటలు పక్కామెకి అప్పజెప్పి నా వెంట వార్డుకొచ్చింది. తన కోసం తెచ్చుకున్న స్టీలు క్యాన్‌లో రాగిజావ ఉంది, మజ్జిగ కలిపినది. ముందు జావ తియ్యలేదు. మంచం పక్కన కూర్చుని సంచిలోంచి దువ్వెన తీసింది. మా ఆవిడ జుట్టు మూడు రోజులుగా దిండుకి నలిగి ఉండకట్టుకుపోయింది. కొసల నుంచి మొదలెట్టి, ఒక్కో చిక్కూ వేళ్లతో విడదీసుకుంటూ, నొప్పి పుట్టకుండా పైన కుదురు గట్టిగా పట్టుకుని దువ్వింది. అరగంట పైనే పట్టి ఉంటుంది. మాటల్లో పెట్టి మధ్య మధ్య ఒక్కో చెంచా జావ నోట్లో పోసింది. జడ అల్లడం అయ్యేసరికి సగం గ్లాసు అయిపోయింది. వాంతి కాలేదు. మూడు రోజులుగా చూస్తున్నాను, తన జుట్టు అలా ఉందని నా కంటికి ఆనలేదు.

ఆ తర్వాత పదకొండు రోజులు వరసగా వచ్చింది. రైతుబజారుకి పోయే ముందు జావ ఇచ్చి వెళ్లడం, నిన్నటి క్యాన్ పట్టుకుపోవడం. డబ్బు తియ్యబోతే, "నాది ఏటీఎం బాబూ, నాకేం తక్కువ" అంటుంది. ఏటీఎం అంటే వాళ్ల భాషలో ఇరవై సెంట్ల మడి. ఇరవై రకాల కూరలు ఒకదాని వెనక ఒకటి వేసి, ఎప్పుడూ ఏదో ఒకటి కోసుకుని అమ్ముకునేలా పెంచుతారు. పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి నానబెట్టిన జీవామృతం తప్ప ఆ మడిలో ఇంకేం పొయ్యదట. ఆ వాసనకి పక్కింటివాళ్లు తిడతారని కూడా చెప్పింది.

నిమ్మకాయ సంగతి కూడా అప్పుడే తెలిసింది. వాళ్ల పొదుపు సంఘం ఆడవాళ్లనీ ఏఎన్ఎం అమ్మనీ ఒకచోట కూర్చోబెట్టి ట్రైనింగ్ ఇచ్చారట. ఆకుకూరలో ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలి, కూర దించాక నిమ్మకాయ పిండుకోవాలి, తిన్న వెంటనే టీ తాగితే పట్టేది కూడా పట్టదు. ఇదంతా నోటితో చెబితే గుర్తుండదని కట్టలోనే కాయ దోపడం మొదలెట్టారు. నేను ఐదు రూపాయలకి బేరమాడింది దాన్ని.

అపార్థం వద్దు, తోటకూర మా ఆవిడని బతికించిందని నేను అనడం లేదు. "ఇప్పుడు ఆకుతో ఎక్కదు, సీసాతోనే ఎక్కాలి. ఇంటికెళ్లాక ఆకు" అని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. రెండు యూనిట్ల రక్తం, తర్వాత ఐరన్ సూదులు. డిశ్చార్జ్ నాటికి 9.2. మాత్రలు ఇప్పుడు నా కళ్ల ముందే వేసుకుంటోంది.

కానీ కడుపులో ఒకటి ఉంది, కక్కేస్తాను. ఈ నెల 9న ఆ నలుగురూ వేపచెట్టు కింద లేరు. లోపల వ్యాపారాలు కూడదని ఎవరో గేటు బయటికి పంపేశారట. బయట నీడ లేదు, మధ్యాహ్నానికే ఆకు వాడిపోతోందని మానేశారు. ఈ శాఖనడిగితే ఆ శాఖ అంటారు, ఆ శాఖనడిగితే ఆర్డరు లేదంటారు. ఇక వార్డులో భోజనం. సాంబారులో ములక్కాడ కనపడితే పక్క మంచం వాళ్లకి కూడా చూపించుకునేవాళ్లం. తక్కువకి కోట్ చేసినవాడికే కాంట్రాక్టు, వాడు మాత్రం ఏం పెడతాడు? రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం నడిపించే రైతు సాధికార సంస్థ ఆఫీసు ఇదే గుంటూరులో ఉంది. ఈ ప్రకృతి వ్యవసాయానికే 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ వాళ్ల అవార్డు వచ్చింది, పదిలక్షల యూరోల బహుమతి మరో ఇద్దరితో కలిపి పంచుకున్నారు. తిరుమల నైవేద్యానికి ప్రకృతి వ్యవసాయం బియ్యం వాడారు. చాలా సంతోషం. మన రాష్ట్రంలో సగం మంది పైగా ఆడవాళ్లకి రక్తం తక్కువని సర్కారు సర్వేలే చెబుతున్నాయి. వాళ్లు పడుకునే వార్డుకి పక్క మండలం తోటకూర చేరడానికి ఏం అడ్డమో నాకు అర్థం కాదు. పద్దులు రాసుకునే గుమస్తాని, రేటు తేడా ఎంతో లెక్కేసి ఇమ్మంటే ఒక పూటలో వేసిస్తాను.

సరే, అది వదిలేస్తున్నాను, బీపీ పెరుగుతోంది.

పిన్నీ, ఇది నువ్వు చదవలేవని తెలుసు. మనవడు చదివి వినిపిస్తానన్నాడు. నీ దువ్వెన మా దగ్గరే ఉండిపోయింది. పాపకి నెల వెళ్లాక తీసుకొస్తాను.

అయ్యో, రక్తం ఇచ్చిన కుర్రాళ్లని మర్చిపోయాను. ఇద్దరు ఇంజనీరింగ్ స్టూడెంట్స్, రాత్రి పదకొండింటికి బైక్ మీద వచ్చారు. ఫ్రూటీ తాగి వెళ్లిపోయారు, పేర్లు కూడా సరిగ్గా అడగలేదు. మా పేట ఆశా అమ్మాయి, 108లో మాతో పాటే ఎక్కి కూర్చుంది. రెండోసారి వేలు గుచ్చి చూసిన నర్సమ్మ, గుచ్చకపోయుంటే ఏమయ్యేదో. మా షావుకారు, నిండు సీజన్లో పదహారు రోజులు సెలవిచ్చి ఒక్క మాట అనలేదు. వార్డు ఆయమ్మ. పక్క మంచం మస్తాన్‌బీ గారి అమ్మగారు, ఫ్లాస్కు ఇచ్చారు, అది కూడా మా ఇంటికే వచ్చేసింది, రేపు పంపిస్తాను.

ఇంకొకరు, మొదటి రాత్రి బట్టలు తేవడానికి ఇంటికి తీసుకొచ్చి మళ్లీ దింపిన ఆటో అన్న. చిల్లర లేదంటే తర్వాత చూద్దాంలే అన్నాడు. అన్నా, నీకు నలభై రూపాయలు ఇవ్వాలి. ఇది చూస్తే ఫోన్ చెయ్యి.