దలేర్‌ని డాలర్ చేశారు

ఎడిటర్ గారికి నమస్కారం,

పది రోజుల కింద మీ ఆదివారం పేజీలో 90ల మ్యూజిక్ వీడియోలని వేశారు కదా, దాని గురించే. ఇంట్లో పెళ్ళి పనులుండి అప్పుడే రాయలేకపోయా, కోపం మాత్రం తగ్గలేదు.

పంజాబీ గాయకుడు దలేర్ మెహందీ పాట తునక్ తునక్ తున్ ని ‘నవ్వొచ్చే గ్రాఫిక్స్’ అని ఒక్క ముక్కలో తీసిపారేశారు. అది అలా ఎందుకొచ్చిందో రాసినాయనకి తెలుసా? దలేర్ పాటలు ఆడేది పక్కన ఎగిరే అమ్మాయిల వల్లేనని అప్పట్లో తెగ సాధించారు, ఆయనకి ఒళ్ళు మండి 1998లో అమ్మాయిలు కాదుకదా ఇంకో మనిషే లేకుండా నాలుగు వేషాల్లో నలుగురూ తానే అయి ఆడాడు, వెనక కొండలూ గుట్టలూ అన్నీ కంప్యూటర్లో అతికించినవే. మన దగ్గర ఆ పని అప్పటికి కొత్త. ఇవాళ్టి కళ్ళతో చూసి నవ్వితే ఎట్లా? పైగా రెండు చోట్ల ఆయన పేరు ‘డాలర్’ అని పడింది. ప్రూఫు చూసేవాళ్ళని తీసేశారా అండీ? పేపరు రేటు పెంచడం మాత్రం మర్చిపోరు.

1995 నాటి అలీషా చినాయ్ పాట మేడ్ ఇన్ ఇండియాకి రెండే లైన్లు. అందులో మోడల్ మిలింద్ సోమన్ పెట్టెలోంచి బయటికొచ్చే ముక్క కోసం మా వీధిలో కేబుల్ ఉన్న ఒక్క ఇంటి కిటికీకి ఎంతమందిమి వేలాడామో మాకు తెలుసు, ఆ ఇంటావిడ తలుపేసేది కూడా.

దేశమంతా ఒక్కటేనని రకరకాల భాషల్లో పాడిన మిలే సుర్ పాటని కూడా 90ల్లోకి నెట్టారు. అది 1988 ఆగస్టు 15న మొదటిసారి దూరదర్శన్‌లో వచ్చింది. అందులో తెలుగు లైను మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పాడారని ఇంకో కోత! ఆయన పాడింది తమిళ లైను. మన కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన మనిషి చేత తమిళం పాడించారు, రాయాల్సిన విశేషం అదీ.

మీరే కాదులెండి, అందరూ అలాగే ఉన్నారు. ఆమధ్య జెండా పండక్కి ఒక ఆఫీసులో ఇదే పాట ఫోన్లోంచి పెద్ద తెర మీద వేస్తే సరిగ్గా భీమ్‌సేన్ జోషి గారు ఎత్తుకోగానే వంట నూనె యాడ్ వచ్చింది, ఆపడం ఎవరికీ రాలేదు, సార్లందరూ అటెన్షన్‌లో నించుని ఆ యాడ్ చివరిదాకా చూశారు. పాట ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు కదా, దానికీ టెండరు పిలవాలా?

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. వేస్తే మాత్రం దలేర్ అని వెయ్యండి.

— మీ పాత చందాదారు, గుంటూరు జిల్లా