చప్పుడు లేని పెట్టె

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

టీవీకి చిన్న బోర్డు కంప్యూటర్ పెట్టుకోనా అని ఫోన్‌లో అడిగావు. ఔననో కాదనో చెప్పి పెట్టేసే సంగతి కాదురా అది. నేను మూడు నెలలు తిప్పలు పడ్డాను. అందుకే కాగితం తీశాను, తీరిగ్గా చదువుకో.

మా వీధి గదిలో టీవీ పక్కనుండే పాత డెస్క్‌టాప్ గుర్తుందిగా? దానికి మూడు ఫ్యాన్లు. ఎండాకాలం వస్తే గదిలో పిండిమర ఆడుతున్నట్టే. నాన్నకి ఎడమ చెవి సరిగ్గా వినపడటం లేదు. ఆయన సౌండు పెంచుతారు, అమ్మ వంటింట్లోంచి తగ్గించమని కేక పెడుతుంది, ఆ కేక ఆయనకి వినపడదు. చివరికి ఓ రోజు "నేను పాట వినాలా, మర వినాలా?" అని రిమోట్ విసిరేశారు. అంతే, ఆ పెట్టెని అటకెక్కించేశాను.

కొన్నది రాస్ప్‌బెర్రీ పై 4 అనే బోర్డు, రెండు జీబీ మెమరీది. 2023లో వచ్చిన ఐదో రకం కొనమని అందరూ చెబుతారు, నీకూ చెబుతారు. వినకు. అది వేగమైనదే, కాదనను. కానీ వేడీ ఎక్కువే, దానికి మళ్ళీ ఫ్యాన్ పెట్టమంటారు. మనం పారిపోయి వచ్చింది ఫ్యాన్ నుంచే కదా! పైగా మన దగ్గరున్న వీడియోలు చాలామటుకు హెచ్.264 అనే పద్ధతిలో కుదించినవి. నాలుగో దాంట్లో వాటిని విప్పి ఆడించడానికి చిప్‌లోనే ఏర్పాటుంది, ఐదో దాంట్లో అది తీసేసి ప్రాసెసర్ మీద పడేశారు. ఆడించలేక కాదు, మనకెందుకా బరువు అని.

మిగిలిన డబ్బు రెండిటి మీద పెట్టు. ఒకటి అల్యూమినియం కేసు. పైనంతా గాడులుంటాయి, కేసే వేడిని పీల్చుకుని గాల్లోకి వదిలేస్తుంది. కేసు లేకుండా ఆడిస్తే మే నెలలో 79 డిగ్రీలు చూపించింది. 80 దాటితే బోర్డు తనంతట తనే నెమ్మదిస్తుంది. కేసు వేశాక 55 దగ్గరే ఉంటోంది. ఇనప్పెట్టెలో కూర్చున్నట్టు వైఫై మాత్రం కొంచెం మందగించింది, లాన్ వైరు లాగేశాను. అమ్మ దాన్ని సబ్బుపెట్టె అంటుంది.

రెండోది అడాప్టర్. ఇక్కడే నేను బోల్తా పడ్డాను. ఇంట్లో నాలుగు ఫోన్ ఛార్జర్లుండగా మళ్ళీ కొనడమేమిటని లోభించాను. స్క్రీన్ మూల పసుపుపచ్చ మెరుపు గుర్తు వస్తూ పోతూ ఉండేది. అదేదో అలంకారం అనుకున్నాను! కరెంటు చాలక అది మొత్తుకుంటోందట. హార్డ్‌డిస్క్ తగిలించగానే మొత్తం ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది. ఆ తర్వాత దానికోసం చేసిన 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టర్ తెప్పించాను. మెరుపు మాయం. ఇన్వర్టర్ లైనుకి కలుపు, మరిచిపోకు. మా ఊళ్ళో గాలివానొస్తే కరెంటు సంగతి నీకు తెలుసు కదా. అలా పోయిన ఓ రాత్రి మెమరీ కార్డు పాడైపోయి అంతా మళ్ళీ మొదట్నుంచి ఎక్కించాను.

టీవీకి కలిపే వైరు కూడా చూసి కొను. దీనికి మైక్రో హెచ్‌డీఎంఐ కావాలి. నేను మినీ తెచ్చాను. మార్చుకోవడానికి మళ్ళీ బరంపురం బస్సెక్కాను, ఆ టికెట్ డబ్బులతో ఇంకో రెండు వైర్లొచ్చేవి. బోర్డుకి రెండు రంధ్రాలుంటాయి, కరెంటు వైరు పక్కనున్న దాంట్లోనే పెట్టు. అప్పుడు టీవీ రిమోట్‌తోనే అంతా నడుస్తుంది. నడవకపోతే టీవీ సెట్టింగుల్లో సీఈసీ అనేది ఆన్ చెయ్యాలి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో ముద్దుపేరు పెట్టుకుంది, వెతకడానికి నాకో సాయంత్రం పట్టింది.

కార్డులో లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించు, ఉచితమే. ఆన్ చెయ్యగానే తిన్నగా కోడి తెరుచుకుంటుంది. నవ్వకు, వీడియోలు, పాటలు ఆడించే సాఫ్ట్‌వేర్ పేరే కోడి. 2014 దాకా ఎక్స్‌బీఎంసీ అనేవారు. ఇప్పుడు మా ఇంట్లో "కోడి పెట్టరా" అంటే వంటింటి మాటో టీవీ మాటో అర్థం కాదు. ఫైళ్ళకి తెలుగులో పేర్లు పెడితే మాత్రం గళ్ళు గళ్ళుగా కనిపించాయి. గిడుగు వారు బడిపంతులుగా చేసిన ఊళ్ళో తెలుగుకి ఇదా గతి! ప్రస్తుతానికి ఇంగ్లీషు అక్షరాల్లో కానిచ్చాను.

ఇంత చేశాక కూడా సన్నగా ఓ గుయ్‌మనే చప్పుడు మిగిలింది. రెండు రాత్రులు వెతికాను. హార్డ్‌డిస్క్‌ది చిన్న చప్పుడే, దాన్ని టేకు బీరువా మీద పెట్టేసరికి బీరువా మొత్తం తబలాలా పలుకుతోంది. కింద పాత తువ్వాలు మడతపెట్టి వేశాను. తీరిపోయింది.

పోయిన వారం తాతయ్య పద్యాలు చదివిన క్యాసెట్ నుంచి చేసిన ఫైలు ఎక్కించాను. 1986లో మా పాత ఇంటి అరుగు మీద నాన్నే రికార్డు చేశారు. డెస్క్‌టాప్ మీద ఎన్నోసార్లు విన్నదే. ఈసారి రెండో పద్యం మధ్యలో నాన్న చెయ్యెత్తి "ఆపు, వెనక్కి తిప్పు" అన్నారు. తిప్పాను. తాతయ్య గొంతు వెనకాల ఎక్కడో దూరంగా సన్నటి కూత. 2004లో ఎత్తేసిన మన చిన్న రైలురా, బొగ్గింజన్ రోజులది! కుడిచెవి టీవీ వైపు పెట్టి, "నౌపడా బండి. ఇవాళ ఆలస్యం" అన్నారు. నాచేత నాలుగుసార్లు తిప్పించారు.

చెల్లాయిని, పిల్లల్ని అడిగానని చెప్పు. వచ్చేటప్పుడు మీ నాన్నగారి క్యాసెట్లు కూడా పట్టుకురా, అటక మీద బూజు పట్టకముందే.

నీ,
పర్లాకిమిడి బావ