ఫిజిక్స్ పరిశోధన నోటిఫికేషన్లూ వేయండి

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలకు పాఠాలు చెబుతాను. తర్వాత ఏం చేస్తారంటే బీఈడీ, డీఎస్సీ, లేదా బ్యాంకు కోచింగ్ అంటారు. అవి తక్కువని కాదు. కానీ జెస్ట్ అనే పరీక్ష ఉందని క్లాసులో ఒకరిద్దరికే తెలుసు. ఆ స్కోరుతో బెంగళూరులోని ఐసీటీఎస్, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి పరిశోధన సంస్థలు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకు పిలుస్తాయి. బెంగళూరు మనకెంత దూరం?

ఆ పరిశోధన ఎలా ఉంటుందో స్టాటిస్టికల్ ఫిజిక్స్‌లోనే చూడండి. లెక్కలేనన్ని చిన్న భాగాలు కలిస్తే మొత్తం ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే శాస్త్రం ఇది. ఇసుక రేణువులు ఒక్కొక్కటే వేస్తూపోతే కుప్ప ఎక్కడో జారుతుంది. ఒక్కోసారి నాలుగు రేణువులే, ఒక్కోసారి ఒక పక్కంతా! ఈ నమూనా గణితాన్ని తేల్చిన భౌతిక శాస్త్రవేత్త దీపక్ ధర్‌కు 2022లో ఈ రంగంలో పెద్ద గౌరవమైన బోల్ట్‌జ్‌మన్ పతకం వచ్చింది. భారతీయుల్లో ఆయనే మొదటివారు. 2021లో ఇలా ఎన్నో భాగాలు కలిసి నడిచే సంక్లిష్ట వ్యవస్థల మీద పనికే ఇటలీ భౌతిక శాస్త్రవేత్త జార్జియో పరీసీకి నోబెల్ ఇచ్చారు. ట్రాఫిక్, అంటువ్యాధులు, పక్షుల గుంపులు కూడా ఈ శాస్త్రం కిందికే వస్తాయి.

తల్లిదండ్రుల టెన్షనంతా డబ్బుదే. పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. ఒక వేరుశనగ రైతు ఈ అంకె నాతో మళ్లీ చెప్పించుకున్నారు. "చదువుకుంటే వాళ్లే ఇస్తారా మేడం?" అన్నారు. ఔనన్నాను.

పీహెచ్‌డీ అయ్యాక చేసే పరిశోధన ఉద్యోగానికి, అంటే పోస్ట్‌డాక్‌కు, జర్మనీ డ్రెస్డెన్‌లో సంక్లిష్ట వ్యవస్థల కోసమే ఒక మాక్స్ ప్లాంక్ సంస్థ ఉంది. ఇటలీలో ఐసీటీపీ అనే అంతర్జాతీయ భౌతికశాస్త్ర కేంద్రం ఉంది.

మీ చదువుల పేజీలో ఈఏపీసెట్ (పాత ఎంసెట్), గ్రూప్స్ పక్కనే జెస్ట్, నెట్, గేట్ దరఖాస్తు గడువులు కూడా వేయండి. జిల్లా ఎడిషన్లో వేస్తే మరీ మంచిది.

– ఒక ఫిజిక్స్ అధ్యాపకురాలు, అనంతపురం