ఫిర్యాదు: పాఠం చెప్పే టీచరు చేత కోర్సు అమ్మించడం గురించి

ఫిర్యాదుల విభాగాధికారి గారికి,

నమస్కారం.

పన్నెండేళ్ళ మా అమ్మాయి మీ సంస్థ ఆన్‌లైన్ లెక్కల క్లాసుల్లో చేరి ఎనిమిది నెలలైంది. బోధన మీద నాకు ఫిర్యాదు లేదు. భిన్నాలంటే బెదిరిపోయే పిల్ల ఇప్పుడు వాటిని నోటిలెక్కగా చేస్తోందంటే అది ఆ టీచరు గారి చలవే. ఆవిడ చేతే మీరు చేయించిన ఒక పని గురించి ఈ లేఖ రాయవలసి వచ్చింది.

గత నెల చివరి క్లాసులో పాఠాన్ని పది నిమిషాల ముందే ఆపి, టీచరు గారు స్క్రీన్ మీద ‘ప్రగతి నివేదిక’ చూపించారు. అందులో కిందికి జారుతున్న ఎర్ర గీత, దాని పక్కన ‘వెనుకబడే ప్రమాదం’ అన్న మాట ఉన్నాయి. “ఇప్పుడు ఆపేస్తే మిగతా పిల్లలు నిన్ను దాటిపోతారు, తర్వాతి కోర్సు గురించి అమ్మానాన్నలను ఈ రోజే అడుగు” అని ఆవిడ అన్నారు. పక్క గదిలో ఉన్న నాకు ఆ మాటలు కాగితం చూసి చదువుతున్నట్టు వినిపించాయి, ఎందుకంటే ఎనిమిది నెలల్లో ఆవిడ పిల్లతో ఎన్నడూ అలా మాట్లాడలేదు. క్లాసు అయ్యాక మా అమ్మాయి కోర్సు గురించి అడగలేదు. “అమ్మా, నేను మొద్దునా?” అని అడిగింది.

ఆ రాత్రి నివేదికకు ఆధారమైన పరీక్షను తెరిచి ఒక్కో ప్రశ్నా చూశాను. 20 ప్రశ్నల్లో 14 సరిగ్గా చేసింది. తప్పిన ఆరింటిలో నాలుగు సమీకరణాలకు సంబంధించినవి, అంటే మీ పాఠ్యప్రణాళిక ప్రకారమే తర్వాతి కోర్సులో చెప్పవలసినవి. చెప్పిన పాఠాల వరకే లెక్కేస్తే 16 ప్రశ్నలకు 14 వచ్చాయి. ఇంకా చెప్పని పాఠంలో పరీక్ష పెట్టి, రాలేదని ఎర్ర గీత గీసి, ఆ గీతను పిల్లకే చూపించి భయపెట్టడాన్ని మూల్యాంకనం అంటారో, అమ్మకం అంటారో మీరే చెప్పాలి.

మీ కస్టమర్ కేర్‌ను అడిగితే, రెన్యూవల్ సమయంలో నివేదిక చూపించి మాట్లాడటం టీచర్ల విధుల్లో భాగమేనని బదులిచ్చారు. కనుక ఇది ఒక టీచరు పొరపాటు కాదని, మీ పద్ధతే ఇదని నాకు అర్థమైంది. అదే సంస్థ ప్రవర్తనా నియమావళి మొదటి వాక్యం ‘విద్యార్థి ప్రయోజనమే మాకు ప్రథమం’ అంటుంది. మిగతా నియమాలన్నీ చదివాను. టీచరు సమయపాలన, దుస్తులు, కెమెరా వెనుక గోడ ఎలా ఉండాలన్నదాకా రాశారు గానీ, సంస్థ ఏం చేయకూడదో ఒక్క ముక్క కూడా లేదు.

ఉపాధ్యాయుల స్థాయి గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో కలిసి 1966లో చేసిన సిఫార్సు, వృత్తి నియమావళిని ఉపాధ్యాయ సంఘాలే రూపొందించుకోవాలని చెబుతుంది. ఆ మాట ఎందుకన్నారో మీ నియమావళి చదివాక బాగా తెలిసింది. అమెరికాలో ఉపాధ్యాయుల సంఘమైన జాతీయ విద్యా సంఘం 1975 నాటి నియమావళి, విద్యార్థులతో ఉన్న వృత్తి సంబంధాన్ని టీచరు సొంత లాభానికి వాడుకోకూడదని నిషేధించింది. ఇక్కడ లాభం మీది. టీచరు తన కోసం చేస్తే తప్పయ్యే పనిని యాజమాన్యం కోసం చేస్తే ఒప్పు ఎలా అవుతుంది? పిల్ల తన టీచరు మాటను నమ్ముతుంది కాబట్టే మీరు ఆవిడ చేత చెప్పించారు. ఎనిమిది నెలల పాటు ఆవిడ కష్టపడి సంపాదించుకున్న నమ్మకాన్ని పది నిమిషాల్లో ఖర్చు పెట్టే హక్కు మీకు లేదు.

తల్లిదండ్రులు ఫిర్యాదు చేయదలిస్తే మొదట ప్రధానోపాధ్యాయుడితో, ఆ టీచరుతో మాట్లాడే అవకాశం ఉండాలని, పై అధికారికి వెళ్ళేది రాతపూర్వకంగా ఉండి దాని నకలు టీచరుకు కూడా అందాలని, విచారణను బయట ప్రచారం చేయకూడదని అదే 1966 సిఫార్సులో ఉంది. అందుకే ముందుగా టీచరు గారితో మాట్లాడాను. ఆవిడ ఏమన్నారో ఇక్కడ రాయను, అడిగితే ఆవిడే చెప్పుకుంటారు. ఈ లేఖ నకలు ఆవిడకూ పంపుతున్నాను. ఇంతవరకు ఎక్కడా దీన్ని బహిరంగంగా పెట్టలేదు.

రెన్యూవల్ మాటలు ఇకపై టీచర్ల విధుల్లోంచి తొలగించి, అవి ఏవైనా ఉంటే పిల్లలు లేని సమయంలో మీ సిబ్బందే పెద్దలతో మాట్లాడే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. ప్రతి నివేదికలోనూ ఏ ప్రశ్న చెప్పిన పాఠంలోదో, ఏది కాదో స్పష్టంగా చూపించాలి. ఈ ఫిర్యాదు వల్ల టీచరు గారి క్లాసులు గానీ, జీతం గానీ తగ్గించబోమని నాకు రాతపూర్వకంగా తెలపాలి.

చివరగా, మా అమ్మాయి నివేదికను సరిదిద్ది, ఆ ఎర్ర గీత ఎందుకు తప్పో పన్నెండేళ్ళ పిల్లకు అర్థమయ్యే మాటల్లో రాసి పంపండి. దాన్ని నా పేరు మీద కాక, ఆమె పేరు మీద పంపండి.

ఇట్లు,
మీ విద్యార్థిని తల్లి