వార్షిక నివేదిక – 2025: స్కోర్‌బుక్కుల వేటలో మన సంఘం

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో సంక్రాంతి ముగ్గుల పోటీ, వైద్య శిబిరం, చందా బకాయిలు చదివి కూర్చునేవాణ్ణి. ఈసారీ ఆ మూడూ ఉన్నాయి. ముగ్గులు బాగున్నాయి. శిబిరానికి వచ్చినవాళ్లు బీపీ చూపించుకుని, డాక్టరు గారు మానమన్న టీనే బయట తాగి వెళ్లారు. బకాయిలు ఎక్కడివక్కడే. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. నా వంతు సమయమంతా, పోయిన సర్వసభ్య సమావేశంలో మీరు మా నెత్తిన పెట్టిన పనికే వాడుకుంటాను. అదే, విశాఖ జిల్లా క్రికెట్ చరిత్రను ఒకచోట చేర్చడం.

మొదటి చిక్కు 'జిల్లా' అన్న మాట దగ్గరే వచ్చింది. 2022 ఏప్రిల్‌లో మన జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. మరి అనకాపల్లి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి సెలక్షన్లకు వచ్చిన కుర్రాడు ఎవరి లెక్కలోకి వస్తాడు? ఉమ్మడి జిల్లానే తీసుకుందామని తీర్మానించాం. ఈ తీర్మానానికి రెండు సమావేశాలూ, నాలుగు ఫ్లాస్కుల కాఫీ పట్టాయి.

రెండో చిక్కు, ఎక్కడ మొదలుపెట్టాలని. కుర్ర సభ్యులు 2005 ఏప్రిల్ 5 అన్నారు. పీఎం పాలెం స్టేడియంలో మొదటి వన్డే, పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148. నా ఈడువాళ్లం 1988 అన్నాం. ఆ డిసెంబరు 10న ఊళ్లోని ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో న్యూజిలాండ్‌తో మన ఊరి మొట్టమొదటి వన్డే జరిగింది. ఓపెనింగ్ బ్యాటర్ శ్రీకాంత్ బ్యాటుతో 70 కొట్టి, బంతి పట్టి 27 పరుగులకు 5 వికెట్లు తీశాడు. శ్రీకాంత్ ఐదు వికెట్లు తీశాడంటే మా మనవలు ఇప్పటికీ నమ్మరు. చివరికి మన పెద్ద మాస్టారు కర్ర నేలకు తాటించి, "1953 కాకపోతే నేను లేచిపోతా" అన్నారు. ఆయన లేచిపోతే మిగిలేది మేమే కాబట్టి ఒప్పుకున్నాం.

మాస్టారి మాటలో న్యాయం ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. ఆంధ్ర క్రికెట్ సంఘం పుట్టిందీ ఆ ఏడాదే, మన జట్టు రాష్ట్రాల జట్లు తలపడే రంజీ ట్రోఫీ బరిలో మొదటిసారి దిగిందీ ఆ సీజన్లోనే. అంతకుముందు మన కుర్రాళ్లు మద్రాసు జట్టు తలుపు తట్టాల్సిందే. ఆ తొలి సీజన్లో ఆంధ్ర తరఫున ఆడినవారిలో సి.కె. నాయుడు ఉన్నారు. 1932లో లార్డ్స్‌లో భారత్ మొదటి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె.యే. పుట్టింది నాగపూర్‌లో, ఇంటి మూలాలు బందరులో. ఆంధ్రకు ఆడేనాటికి ఆయన వయసు 58. మన సంఘంలో ఆ వయసు వాళ్లం మెట్లెక్కడానికి కూడా రెయిలింగు వెతుక్కుంటాం.

పక్కనే విజయనగరం ఉండగా ఆ రాజకుటుంబానికి చెందిన విజ్జీ పేరు ఎత్తకుండా పోలేం. 1936 ఇంగ్లండ్ పర్యటనకు ఆయన కెప్టెన్. మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు. ఆ పర్యటన మధ్యలోనే లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపేశారు. తరవాత 1954 నుంచి 1956 దాకా క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా ఉన్నారు. ఆయన గురించి ఏం రాయాలన్న దానిమీద కమిటీ రెండుగా చీలింది. ఇప్పటికీ చీలే ఉంది, అందుకే ఆ పేజీ ఖాళీగా ఉంచాం.

ఇదంతా పుస్తకాల్లో దొరికే సరుకే. మాకు కావలసింది వేరు. జిల్లా లీగులో ఏ ఆదివారం ఏ జట్టు ఎవరితో ఆడింది, ఎవరు ఎంత కొట్టారు అన్నది. జిల్లాలో మెరిస్తేనే అంతర్ జిల్లా పోటీలకు, అక్కణ్ణించి జోన్‌కు, ఆ పైన ఆంధ్ర జట్టుకు. పై మెట్టు మీద నిలబడ్డవాడి ఫొటో పేపర్లో వస్తుంది. కింది మెట్టు లెక్క మాత్రం ఎవరో స్కోరర్ గారి నల్ల అట్ట పుస్తకంలో, వాళ్లింటి అటక మీద ఉంటుంది.

అటకలెక్కాం. విశాఖ గాలి సంగతి మీకు చెప్పేదేముంది, ఇనప బీరువాకే తుప్పు పట్టిస్తుంది, కాగితం ఎంత? ఒకరింట్లో పుస్తకాల మూట విప్పితే చెదపురుగులు తప్ప ఇన్నింగ్స్ మిగల్లేదు. ఇంకో ఇంట్లో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ పైకప్పు రేకులతో పాటు పెట్టెనూ ఎత్తుకుపోయింది. ఆ తుపానుకే రెండు రోజుల తరవాత ఇక్కడ జరగాల్సిన వెస్టిండీస్ వన్డే రద్దయింది. టిక్కెట్ల డబ్బు గురించి అందరికీ గుర్తుంది గానీ, ఆ పెట్టెలో ఏముండేదో ఆ ఇంటాయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన మ్యాటింగ్ పిచ్‌ల రోజులు చెబుతుంటే రాసుకున్నాం. కొబ్బరి పీచు చాపను నలుగురు మోసుకొచ్చి మేకులు కొట్టి బిగించడం, మధ్యలో మేకు ఊడితే ఆట ఆపి సుత్తి కోసం పరుగెత్తడం, చాప మీద బంతి ఛాతీ దాకా లేవడం.

దొరికినవాటిలో మన విశాఖ ఆటగాడు వేణుగోపాలరావు కాలం నాటి పేపరు కత్తిరింపులున్నాయి. గుర్‌గావ్‌లో ఇంగ్లండ్ 'ఎ' (ద్వితీయ శ్రేణి) జట్టు మీద, జోన్ల మధ్య జరిగే దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లో సౌత్ జోన్ 501 పరుగులు ఛేదించినప్పుడు ఆయన 228 నాటౌట్. 2005లో భారత జట్టులోకి వచ్చాడు. మన ఊరి వికెట్‌కీపర్ కె.ఎస్. భరత్ 2015లో ఒంగోలులో గోవా మీద 308 చేశాడు. రంజీల్లో ఒక వికెట్‌కీపర్ త్రిశతకం కొట్టడం అదే మొదలు. భరత్ మొదటి టెస్టు ఆడింది సి.కె. పుట్టిన నాగపూర్‌లోనే, 2023లో. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌తో టెస్టుకు మన మైదానంలోనే గ్లవ్స్ తొడుక్కున్నాడు. పరుగులు పెద్దగా రాలేదు. అయినా ఆ రోజు స్టాండ్‌లో మా పక్కన కూర్చున్న ప్రతివాడూ వాడికి చిన్నప్పుడు బంతి వేసినవాడే!

మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి గురించి వేరే చెప్పాలా? మెల్‌బోర్న్‌లో 2024 డిసెంబరులో ఎనిమిదో స్థానంలో దిగి 114 కొట్టినప్పుడు గ్యాలరీలో కన్నీళ్లు పెట్టుకున్న తండ్రిని అందరం టీవీలో చూశాం. కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్న మనిషి. పదహారేళ్లలోపు కుర్రాళ్ల విజయ్ మర్చంట్ ట్రోఫీలో నాగాలాండ్ మీద నితీశ్ 441 కొట్టిన స్కోర్‌షీట్ నకలు సంపాదించాలని ఉంది.

ఇక ఈ ఏడాది అసలు పండగ అక్టోబరు. మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు ఐదు మనకు దక్కాయి. అక్టోబరు 12న ఆస్ట్రేలియా మ్యాచ్‌కు మహిళా విభాగం బస్సు మాట్లాడింది. మగవాళ్లకు మిగిలిన సీట్లే ఇస్తామన్నారు, ఇచ్చారు. ఆ రోజే ఒక స్టాండ్‌కు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు ఆంధ్ర వికెట్‌కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. మనవాళ్లు 330 కొట్టినా, కెప్టెన్ హీలీ 142తో ఆస్ట్రేలియా ఛేదించేసింది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 41 పరుగులకు 3 వికెట్లు తీసినప్పుడు మా వరస మొత్తం లేచి నిలబడింది. తిరుగు బస్సులో ఎవరూ మాట్లాడలేదు, వేయించిన పల్లీల చప్పుడు తప్ప. సరిగ్గా మూడు వారాలకు, నవంబరు 2న, మన జట్టే కప్పు ఎత్తింది. అప్పుడు బస్సు అవసరం లేకుండా కాలనీ అంతా వీధిలోకి వచ్చేసింది.

మర్నాడు ఇద్దరు అమ్మాయిలు ఆఫీసుకొచ్చి, జిల్లా సెలక్షన్లకు దరఖాస్తు ఎలా పెట్టాలని అడిగారు. లెదర్ బాల్‌తో ఎప్పుడూ ఆడలేదట. సంఘం స్థలంలో ఒక ప్రాక్టీసు నెట్ కట్టాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. కారు పార్కింగు పోతుందని అభ్యంతరం చెప్పేవారు ఈ రోజే చెప్పాలి, చేతులెత్తించి తేల్చేద్దాం.

చివరగా ఒక విన్నపం. మీ ఇంట్లోనో, మీ మావయ్య గారి ఇంట్లోనో పాత స్కోర్‌బుక్కులు, టీము ఫొటోలు, టోర్నమెంటు కరపత్రాలు ఉంటే ఆదివారం ఉదయం తెచ్చివ్వండి. ఫొటో తీసుకుని వెంటనే తిరిగి ఇచ్చేస్తాం. తడిసినవైతే మీరు ఎండలో పెట్టకండి, సిరా వెలిసిపోతుంది. ఫ్యాను కింద ఆరబెట్టే పని మాస్టారు చూసుకుంటారు.

– కార్యదర్శి